రెండో ఓటు

“మీ ఓట్ల ప్రకారం ఈ ఏడాది వార్డు నిధులు ఫౌంటెన్‌కే,” అన్నాడు వార్డు మీటింగులో ఆఫీసరు, తనే నమ్మలేనట్టు.



“ఫౌంటెన్ ఎవడికి కావాలి?” మెకానిక్ లేచాడు. “మా నాన్న కాలు విరిగింది సందులో మూతల్లేని ఆ కాలవలో పడే.”

“మా అమ్మాయి డ్యూటీ దిగి ఆ చీకటి సందులోనే రావాలి,” అంది టైలరమ్మ. “లైట్లు ఎందుకు గెలవలేదు?”

“మనిషికి రెండు ఓట్లు, రెండూ ఒకే పనికి వెయ్యకూడదు. రూలు మీరంతా ఒప్పుకున్నదే. మొదటి ఓట్లు లైట్లకీ కాలవకీ చెరిసగం పడ్డాయి. రెండో ఓట్లన్నీ ఫౌంటెన్‌కే.”

టైలరమ్మ మెకానిక్ వైపు తిరిగింది. “నీ రెండో ఓటు దేనికేశావు తమ్ముడూ?”

“ఫౌంటెన్‌కే. అదెలాగూ గెలవదనుకున్నా. లైట్లకేస్తే మీరు గెలుస్తారుగా.” అతను ఆగాడు. “మరి మీరు?”

ఆమె తల దించుకుంది. అంతలో ఆమె ఫోన్ మోగింది.

“అమ్మా, బస్సు దిగాను. సందు మొదట్లో ఉన్నా. ఎవరో వెనకే వస్తున్నట్టుంది.”

ఆమె చెప్పులు వెతుక్కునేలోపే మెకానిక్ టార్చి వెలిగించి గుమ్మం దాటాడు.

“పదండక్కా. కాలవ వైపు నేనుంటా.”