మొదటి రకం

షీనింగ్ పట్నంలో పెద్దాసుపత్రి ఎదుట గెంగ్ ఫుషాన్ కొట్టు. బోర్డు మీద "కానుకలు కొనబడును" అని ఉంటుంది. డాక్టర్లకూ అధికారులకూ అందిన ఖరీదైన పురుగుగడ్డి మందు పెట్టెలు చాలావరకు సీలైనా విప్పకుండా అక్కడికే చేరతాయి. అవి తెచ్చేవాళ్లను చూస్తే ఫుషాన్‌కు అసహ్యం. అయినా కొంటాడు.

ఆ సాయంత్రం ఉన్నికోటు వేసుకున్న ఒకావిడ వచ్చి ఎర్రపట్టు పెట్టె బల్ల మీద పడేసింది. వేళ్లు రుమాలుతో తుడుచుకుంది.

"చూసి ధర చెప్పవయ్యా. చచ్చిన పురుగు నెత్తిన గడ్డి మొలిస్తే మందని మింగుతారట, ఛీ! మా ఇంట్లో ఎవరూ ముట్టరు."

ముట్టరు, అమ్ముకుంటారు అనుకుంటూ ఫుషాన్ మూత తీశాడు. లోపల చిన్న చీటీ. "పదిహేడో నంబరు మంచం" అని రాసుంది. అతని చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఆ చీటీ లాక్కుని సంచీలో వేసుకుంది.

"రేపు పొద్దున మా ఆయన కొయ్యాల్సిన గుండె అది. ముసలావిడ. కూతురట, గుమ్మంలో పెట్టేసి పోయింది," అంది వంకాయల సంగతి చెబుతున్నంత తేలిగ్గా. "ఈమధ్య విరిగిన ముక్కల్ని ఇనప తీగతో గుచ్చి అంటగడుతున్నారటగా? అలాంటిదైతే దాచకుండా చెప్పు. ఆయనకు తెలియాలి. మనసు విరిగాక చెయ్యేం ఆడుతుంది?"

ఫుషాన్‌కు ఆవిడ మొహాన ఉమ్మేయాలనిపించింది. మింగేశాడు.

మామూలుగా అయితే అతను వంద వంకలు పెట్టేవాడు. రంగు నల్లబడిందనేవాడు, తడి ఉందనేవాడు, నాలుగు కలిపినా గ్రాము తూగవనేవాడు. ఇవాళ ఒకదాన్ని దీపం కిందకెత్తి వాసన చూశాడు.

"మంచి పుట్టగొడుగు వాసన. నడుమ నాలుగు జతల కాళ్లు చూశారా అక్కయ్యా, ఎంత స్పష్టంగా ఉన్నాయో!"

"విరిచి చూపించు."

అతని వేలు పెట్టెంతా తిరిగి మూలనున్న దాని మీద వాలింది. టప్పున విరిగింది. లోపల తెల్లగా, మధ్యలో సన్నని నల్లగీత. తీగ లేదు.

"మొదటి రకం. పాపం, ఎన్నాళ్లు కడుపు కట్టుకుని కొన్నారో."

అడిగినంతా ఇచ్చాడు. "అయితే మంచివాళ్లే. ఆయనతో చెప్తాలే," అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

పక్క పొగాకు కొట్టు పాంగ్ తాత గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ లోపలికొచ్చాడు.

"ఏరా, బేరమాడకుండా ఇచ్చావా! ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా ఏంటి?" అంటూ పెట్టెలోంచి ఒకటి తీసి విరిచాడు. తీగ పొడుచుకొచ్చింది. ఇంకోటి విరిచాడు. దాన్లోనూ తీగే.

"నీ కళ్లకే గంతలు కట్టార్రా! ప్రాణం పోసే డాక్టరుకు ఇలాంటిదిచ్చిన ఆ దరిద్రుడెవడ్రా? తూ!"

పాంగ్ తాత గింజల పొట్టు నేల మీద ఉమ్మాడు.

రెండ్రోజులు కూర్చుని ఆ తీగలు ఒక్కొక్కటే గుచ్చి, చెల్లెలి చేత డాక్టరు గుమ్మానికి పంపింది తనేనని, పదిహేడో నంబరు మంచం మీదున్నది తన తల్లేనని ఫుషాన్ ఏ నోటితో చెప్పగలడు?