రాశాను కదా

రైలు దిగగానే అత్తగారు సంచీలోంచి ఒక చీటీ తీసింది. చెయ్యి చాచి, దూరంగా పట్టుకుని చదువుకుంది.

"బాబూ, ముందు ఆ వెనకబడ్డ గడియారం చూపించండి."

అల్లుడి గుండె జారి చెప్పుల్లో పడింది.

ఇరవై నిమిషాలు వెనక నడిచే గడియారం ఈ ఊళ్లో ఉన్నమాట నిజమే. కానీ దాని సంగతి ఆవిడకు ఉత్తరంలో రాసింది కూతురు కాదు. ఇతనే.

అతను బోర్డులు రాసే పెయింటరు. ఆరేళ్ల కిందట, పెళ్లి రోజున, అత్తగారు ఒక్క మాట జారింది. "గోడల మీద రాసుకు బతికేవాడు పెళ్లానికేం పెడతాడు?" అని. అతను నవ్వి ఊరుకున్నాడు. పెళ్లికూతురు ఊరుకోలేదు. అప్పటినుంచీ తల్లీకూతుళ్లకు మాటల్లేవు. ఇద్దరూ ఇద్దరే, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

తన మూలంగా వచ్చిన తగువు. తనే తీర్చాలనుకున్నాడు. ఎవరి రాతనైనా దించెయ్యడం అతనికి చేతిలో పని. భార్య రాతలో, "అమ్మా" అని మొదలుపెట్టి, తన షాపు అడ్రసుతో ఒక ఉత్తరం పడేశాడు. పదిరోజులకు జవాబొచ్చింది. "బంగారు తల్లీ" అంటూ.

ఇక నెలకొకటి. "బంగారు తల్లీ" అని చదివినప్పుడల్లా అంత మీసాల మనిషికీ కళ్లు చెమర్చేవి. అన్నాల దగ్గర భార్యకు చదివి వినిపించేవాడు, తన గుట్టు బయటపెట్టే వాక్యాలు మింగేసి. "నాకేం వినక్కర్లేదు" అనేది ఆమె. చెవులు మాత్రం ఇటే ఉండేవి. ఉత్తరాన్ని వేలితో ముట్టేది కాదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఇతని పెళ్లి ముందే అయిపోయింది. అబద్ధాలే వెనకాల మిగిలాయి.

భార్య ఆసుపత్రిలో నర్సు. ఆరింటిదాకా డ్యూటీ. ఆరేళ్ల తర్వాత తల్లీకూతుళ్లు ఎదురుపడేది అప్పుడే. ఈలోగా గుట్టు తెలిసిందా, ఈవిడ ఆ ఆరింటికే రైలెక్కేస్తుంది.

"మామగారు రాలేదేమండీ?" అన్నాడు, మాట మార్చడానికి.

"ఆయనా! పేపర్లో గళ్లనుడికట్టు ఉండగా కుర్చీ వదులుతారా?"

గడియార స్తంభానికి తొంభై మెట్లు. అత్తగారు టకటకా ఎక్కేసింది. అల్లుడే ఆయాసపడుతూ వెనకబడ్డాడు, ఆ గడియారంలాగే.

"అత్తయ్యగారూ, మెల్లిగా! మీకు మోకాళ్ల నొప్పులు కదా?"

"నా మోకాళ్లకేం రోగం? దుంగల్లా ఉంటేనూ!" అని టక్కున ఆగింది. చీటీ వైపు ఓరగా చూసింది. "ఆఁ, అదా! రాశాను కదా. తగ్గిపోయాయి."

పైనుంచి ఊరంతా పరిచినట్టు కనిపించింది.

"అదిగోనండీ, ఆ మందుల షాపు బోర్డు. నేనే రాశాను. పక్కన సైకిళ్ల కొట్టు. ఆ మూల పసుపుపచ్చ బేకరీ."

"అన్నీ మీరేనా?"

"తప్పులున్నవి వేరేవాళ్లవండి."

ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత అతని గోళ్లలో ఇరుక్కున్న ఎర్రరంగును కాసేపు చూసింది.

"ఆ రోజు ఒక మాటన్నాను బాబూ..."

"ఏ మాటండీ?" అన్నాడు అతను. "గాలి ఎక్కువగా ఉంది, దిగుదామా?"

దిగాక మళ్లీ చీటీ తీసింది. "ఏటి గట్టున నీలం బెంచీ ఏదీ? 'అక్కడ కూర్చుంటే నువ్వే గుర్తొస్తావమ్మా' అని రాసింది, పిచ్చితల్లి."

ఆ బెంచీ అసలు లేదు. ఆ వాక్యం కోసం పుట్టించాడు. గట్టున ఉన్నదల్లా ఒక ఆకుపచ్చ బెంచీ.

"మొన్ననే రంగు మార్చారండీ."

"మీరేనా?"

"అయ్యో, నేనైతే గుర్తుండదా!"

ఆవిడ కూర్చుంది. పక్కన ఖాళీని అరచేత్తో నిమిరింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అల్లుడికి భూమి చీలితే దూరిపోదామనిపించింది.

"మీ పిల్లి అయిదు పిల్లల్ని పెట్టిందట కదండీ?" అన్నాడు, ఆ ఏడుపు ఆపడానికి.

"ఎవరి పిల్లి?"

"మీదేనండీ. రాశారుగా."

"ఆఁ, పిల్లి! రాశాను కదా. బాగున్నాయి. పొద్దస్తమానం పడుకునే ఉంటాయి. అన్నీ మీ మామగారి పోలికే."

వయసు, పాపం, అనుకున్నాడు.

ఆరూ పది. ఇంటి గుమ్మంలో తెల్లబట్టల్లో భార్య. ఒక చెప్పు విడిచి, రెండోది విడవడం మర్చిపోయి నిలబడింది.

"నీ ఉత్తరాలు..." అంది తల్లి.

"నీ ఉత్తరాలు..." అంది కూతురు, అదే క్షణాన.

పెయింటరుకు కాళ్ల కింద నిచ్చెన జారినట్టయింది.

ఇద్దరూ ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చిక్కిపోయావే!" అంది తల్లి.

"నువ్వేదో లావెక్కినట్టు!" అంది కూతురు.

అంతే. వాటేసుకున్నారు. ఇక ఉత్తరాల ఊసెత్తే తీరిక ఎవరికీ లేదు. అత్తగారి సంచీ భుజం మీంచి జారింది. చీటీ ఎగిరొచ్చి అల్లుడి కాళ్ల దగ్గర పడింది.

తీసిద్దామని వంగాడు. అవే గుండ్రటి అక్షరాలు. అవే పొడుగు కొమ్ములు. ఆరేళ్లుగా కళ్లు చెమర్చి చదువుకున్న రాత. వెనకబడ్డ గడియారం. నీలం బెంచీ. నీ మోకాళ్ల నొప్పులు. మన పిల్లి, దాని పిల్లలు. అడుగున గీత కొట్టి, ఒకే ఒక్క వాక్యం:

"ఏమడిగినా 'రాశాను కదా' అను, ఇన్నేళ్లూ నీ పేరుతో రాసింది నేనని తెలిస్తే అమ్మాయి తట్టుకోలేదు, ఇట్లు, మీ ఆయన."