మంగళవారం సూది

కొరడా మళ్లీ లేచింది. గంగవ్వ వీపు మీద రవిక చిరిగి నెత్తురు చిమ్మింది.

"చెప్పు! ఎవలవే నువ్వు? ఎందుకు పట్టినవ్?" మొగిలి గర్జించాడు. ప్రతి మంగళవారం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దయ్యాలు వదిలించేది అతనే. ఇవాళ పట్టింది సొంత పెళ్లానికే. పెళ్లై మూడు నెలలు.

ఆమె జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. డప్పు ఆగడం లేదు.

"మన రాజురా తాలూకా జిల్లా మారి చాందాల కలిసింది గని, దయ్యాలింకా పాత జిల్లాలనే ఉన్నయ్," అంది పక్కింటి సారక్క. నలుగురు నవ్వారు.

జనం వెనక డాక్టర్ బాలకిషన్ సూదీ, రక్తపోటు కొలిచే పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. చాందా ఆస్పత్రిలో అతనిది రక్తనాళాలను వెడల్పు చేసే కొత్త మందు మీద పరిశోధన. మూత్రపిండం మీది గ్రంథిలో కంతి పుడితే, అది ఉన్నట్టుండి రక్తంలోకి రసం చిమ్ముతుంది. గుండె దడదడలాడుతుంది. ఒళ్లు చెమటతో తడిసి వణుకుతుంది. సరిగ్గా అప్పుడు ఈ మందు ఎక్కిస్తే రక్తపోటు దబ్బున పడిపోతుంది. కంతి ఉందనడానికి అదే రుజువు. కోసి తీస్తే ప్రాణం దక్కుతుంది. లేదంటే ఏదో ఒక ఊపులో గుండె ఆగిపోతుంది.

రెండు మంగళవారాలు వచ్చాడు. రెండుసార్లూ అంతా చల్లబడ్డాకే చేరాడు.

నిన్న గంగవ్వ ఒక్కతే ఆస్పత్రికి వచ్చింది. కుళాయి తిప్పితే నీళ్లు రావడం చూసి పకపకా నవ్వింది. మొగుడు కొనిచ్చిన ఎర్ర గాజులు చూపించి మురిసిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"రేపు తప్పకుంట వస్తది సాబ్. నడుమ ఆపితివో, నా మీద ఒట్టే."

ఇంకో దెబ్బ. ఎర్ర గాజులు పగిలి మణికట్టులో దిగాయి. బాలకిషన్ ఉండబట్టలేక ముందుకు ఉరికాడు. నేల మీంచి గంగవ్వ అతన్ని చూసింది. వద్దన్నట్టు తల ఊపింది. అతను పళ్లు బిగించి ఆగాడు.

మరో దెబ్బ. మరొకటి. మొగిలి నుదుటి పసుపు చెమటకు కరిగి కళ్లలోకి కారింది. ఒళ్లంతా వణికి, కొరడా చేతిలోంచి జారింది.

"దేవుడొచ్చిండు! మొగిలన్నకు దేవుడొచ్చిండు!" జనం చేతులు జోడించారు.

బాలకిషన్ పరుగున వచ్చి గంగవ్వ పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. సూది పైకెత్తాడు.

ఊగడం చప్పున మానేసిన గంగవ్వ, నెత్తురోడే చేతులతో మొగుడి చేతిని గట్టిగా పట్టి డాక్టరు ముందుకు చాపి, "జల్ది ఎయ్యి సాబ్, వచ్చింది," అంది.