పడవ పిల్ల తమ్ముడు

గద్వాల నుంచి వనపర్తి పోతున్న బస్సు బీచుపల్లి వంతెన దాటగానే సడన్ బ్రేకు వేసింది.

పక్క సీటాయన చంకలోని కాగితాల చుట్ట జారి, రాఘవేందర్ ఒళ్లో పడి విచ్చుకుంది.

పైన పెద్ద అక్షరాలతో 'కనబడుటలేదు' అని ఉంది. కింద నవ్వుతున్న కుర్రవాడి ఫొటో.

రాఘవేందర్ ఫొటో చూడలేదు. తన చొక్కా చేతికి అంటిన మైదా జిగురు చూశాడు.

"జర చూస్కోవద్దా?"

"తప్పైందన్నా," చెవిలోని ఇయర్‌ఫోన్ తీసేసి, ఆయన కాగితాలు చుట్టుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. హైదరాబాద్ నుంచి శ్రుతి. రాఘవేందర్ గబగబా ఎత్తాడు.

రాఘవేందర్ వనపర్తిలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చదువు ఏడో తరగతితో ఆగింది. అయినా మాయలు మంత్రాల కథ ఒకటి అల్లి, తన గొంతుతోనే చెప్పి, ఫోనులో కథలు వినిపించే కంపెనీకి వారం వారం పంపుతున్నాడు. శ్రుతి ఆ కంపెనీ మనిషే.

ఇది నాది అని చెప్పుకోవడానికి బతుకులో అతనికి ఉన్నది అదొక్కటే.

"సార్, ఈ సాయంత్రం లోపు తేల్చండి. లవ్ ట్రాక్ పెడతారా, కథ ఆపేద్దామా?"

"మాంత్రికుడు, రాతికోట ఉన్న కథ మేడం. అండ్ల ప్రేమ ఏడ పెట్టాలె?"

"యువరాజుకీ ఆ అమ్మాయికీ పెట్టండి. ఒక పాట కూడా. జనం మధ్యలోనే వెళ్లిపోతున్నారు సార్. మొదటి నుంచీ ప్రతి భాగం చివరిదాకా వింటున్నది ఒకే ఒక్కరు."

ఆ ఒక్కరు ఎవరో రాఘవేందర్‌కు తెలుసు. భార్య వనజ. ఆ మాట పైకి చెప్పాలంటే సిగ్గు.

"ఆలోచన చేసి చెప్త మేడం."

ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆమెకు ప్రేమ పెట్టకన్నా," అన్నాడు పక్క సీటాయన.

"ఎవరికి?"

"పడవ పిల్లకు. తమ్ముడు రాయై పడున్నడు గద. వాన్ని మల్ల మనిషిని జేద్దామనే ఆమె ఇల్లిడిసి వచ్చింది. తమ్ముడు దొరకకముందే ఆమెకు పాట ఎట్లొస్తదన్నా?"

రాఘవేందర్ మనసంతా సాయంత్రం మీద ఉంది. కోపం మాత్రం ఎదుట దొరికినవాడి మీదికి వచ్చింది.

"పక్కోని ఫోను వినుడు, పుక్కట్ల సలహాలిచ్చుడు! నువ్వెన్నడన్న కథ చెప్పినవా?"

"నాకేడ వస్తదన్నా. వింట, అంతే."

"వినేటోళ్లంత చెప్పవడితే ఇంక మేమెందుకు? అగో, పెబ్బేరు వచ్చింది. దిగు పో."

ఆయన లేచాడు. కాగితాల చుట్టను చంకలో సర్దుకుని, మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"ప్రేమ పెడితే పెట్టు. ఆ తమ్మున్ని మాత్రం మరువకన్నా."

వనపర్తి చేరిన రాఘవేందర్ షాపు షట్టరు దించుకుని కూర్చున్నాడు.

కథ ఆగిపోతే? రేపటి నుంచి తాను ఉత్త వైండింగ్ రాఘవేందరే.

నీళ్లు తాగి, ఫోనులో రికార్డు నొక్కి కథ చెప్పడం మొదలుపెట్టాడు. యువరాజు పడవ పిల్ల జడలో పూలు తురిమాడు. పాట పాడాడు. ఆమె కూడా పాడింది. తమ్ముడికి అందులో చోటు చాలలేదు. రాయి రాయిగానే ఉండిపోయింది.

పంపేశాడు.

రెండు రోజులకు మళ్లీ శ్రుతి.

"సార్, కథ నిలబడింది! ఇప్పుడు చాలామంది చివరిదాకా వింటున్నారు."

"బతికించినవు మేడం," అన్నాడు రాఘవేందర్.

"ఒక్కటే విచిత్రం సార్. మొదటి నుంచీ విన్న ఆ ఒక్కరు మాత్రం పాట దగ్గర ఆపేశారు. మళ్లీ రాలేదు."

నల్లా దగ్గర బట్టలు ఉతుకుతున్న వనజ దగ్గరికి నవ్వుకుంటూ పోయాడు.

"ఏందే, పాట రాంగనే అలిగినవంట?"

"ఏం పాట?"

"నా కథల."

"నీ కథ నేనెన్నడు విన్న? పొద్దంత ఇంట్ల వినే నీ గొంతు చాలదా, ఫోన్ల గూడ వినాల్నా?" చేతిలోని చొక్కా ఎత్తి చూపింది వనజ. "గది గాని, ఈ అంగి చేతికి మైదా ఏడ అంటిచ్చుకొచ్చినవ్? ఎంత రుద్దినా పోతలేదు."

రాఘవేందర్ చొక్కా అందుకుని ఆ మరక చూశాడు.

ఆ రోజు ఫోనులో తాను గానీ శ్రుతి గానీ పడవ మాట ఎత్తలేదు. తమ్ముడి మాట అసలే ఎత్తలేదు.

తన కథను మొదటి నుంచీ విన్న ఆ ఒక్కరు, కనబడని సొంత తమ్ముడి ఫొటోలు చంకన పెట్టుకుని, తాను దిగమంటే పెబ్బేరులో దిగిపోయినాయనే.