పిలిస్తే పలికిన నేరం

“డాక్టరమ్మా అని పిలిస్తే పలికావా, లేదా? అది చెప్పు చాలు” అన్నాడు నర్సుల మండలి వకీలు షుక్రీ, ఇంతిసార్ ముఖం మీదికి వేలు చూపిస్తూ.

“పలికాను.”

“విన్నారుగా! నర్సు అయ్యుండి డాక్టరుగా చెలామణీ అయింది. పదిహేడు మంది సాక్షులున్నారు. మా మండలి ఈవిడ లైసెన్సు రద్దు చేయడం నూటికి నూరుపాళ్లు సబబు.”

ఈజిప్టులోని మన్సూరా కోర్టు హాల్లో పంకా కిర్రుకిర్రుమంటోంది. ఈ అప్పీలు పోతే, ఇంతిసార్ పంతొమ్మిదేళ్లు సూదిమందు వేసిన చేత్తో ఇక ఆడపడుచు కొట్లో ఊరగాయకు టర్నిప్ దుంపలు తరుక్కోవాల్సిందే. ఆ మహాతల్లి నోట్లో పడటం కంటే జైలు నయం.

ముగ్గురు జడ్జీల్లో మధ్యాయన ముందుకు వంగాడు. “ఎందుకు పలికావమ్మా?”

“పలక్క ఏం చేయనయ్యా? మన ఊళ్లో కుళాయి బిగించేవాడు ఇంజనీరుగారు. బత్తాయిలమ్మే ముసలాయన హాజీగారు. మక్కా మాట అటుంచి, ఆయన ఊరి పొలిమేర దాటి ఎరగడు! అలాగే సూది వేసేదాన్ని డాక్టరమ్మ అంటారు. అంతా మర్యాదకి.”

“నేను నర్సునని చెప్పొచ్చుగా?”

“చెప్పాను. ‘అలాగే డాక్టరమ్మా’ అన్నారు.”

హాల్లో అందరూ గొల్లుమన్నారు. జడ్జి మీసం కూడా కాస్త కదిలింది. ఇంతిసార్‌కు ప్రాణం లేచొచ్చింది.

“తర్వాత?”

“తర్వాత చెప్పడం మానేశాను. సూదికో ఉపన్యాసం ఎక్కడ దంచను?”

షుక్రీ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “అదీ సంగతి! తనది కాని బిరుదు ఎవరో తగిలిస్తే, నోరు మూసుకుని పలకడమే నేరం. అలాంటి మనిషి ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఉండకూడదు!”

“నిబంధన స్పష్టంగానే ఉంది” అంటూ జడ్జి కలం అందుకున్నాడు.

అయిపోయింది. ఇంతిసార్ కళ్లు మూసుకుంది.

షుక్రీ ముఖం చేటంత అయింది. గెలుపు కనబడితే అతనికి నోరు ఆగదు. నడుం వంచి సలాం కొట్టాడు.

“మీ న్యాయానికి తిరుగు లేదు పాషా!”

కలం ఆగిపోయింది. జడ్జి కళ్లద్దాల మీంచి అతణ్ణి చూశాడు.

“రాజులిచ్చే ఆ పాషా బిరుదు రద్దయి డెబ్బై ఏళ్లు దాటింది షుక్రీ. రోజూ నువ్వు పిలుస్తున్నావు, నేను పలుకుతున్నాను. ఇప్పుడు ఆవిడ లైసెన్సు ఆవిడకి ఇచ్చేస్తావా, నన్నూ ఇంటికి పొమ్మంటావా?”