నూట తొంభై మూడు దగ్గర

తుఫాను అన్నాక రావాలి. లేదా పోవాలి.

ఇదేమో రాదు, పోదు. కొనే ఉద్దేశం లేకుండా బజారులో బేరాలాడే మనిషిలా ఒడ్డు పక్కనే నింపాదిగా నడుస్తోంది.

గొడుగు తెచ్చుకున్న రోజు చుక్క రాలదు. మరిచిపోయిన రోజు తడిసి ముద్దవడం ఖాయం.

అయినా హెడ్‌క్లర్కు బాధ గొడుగు గురించి కాదు. తెల్లారితే ఆడిట్. ఏడాది ఫైళ్లన్నీ బీరువాలోకి ఎలా తోసినవి అలాగే ఉన్నాయి.

గట్టెక్కే దారి ఒక్కటే. తుఫాను ఊరి మీదికి రాకపోయినా, దాని గాలి వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటితే మర్నాడు ఆఫీసులన్నిటికీ సెలవని పొద్దున్నే ప్రకటించారు.

ఇంకేం, బీమా ఆఫీసు హాల్లో టీవీ అప్పట్నుంచీ మోగుతూనే ఉంది. తెర మూలన ఎర్ర గడిలో గాలి వేగం.

"నూట డెబ్భై! పెరుగు నాయనా, పెరుగు!" అన్నాడు హెడ్‌క్లర్కు.

"అది మన మీదికొస్తేనో గురువుగారూ?" అంది క్యాషియరు.

"రాదమ్మా. పెరగాలి, రాకూడదు. మనకు కావాల్సిందంతే."

"మా ఆడపడుచు లాగన్నమాట. బాగుండాలి, మనింటికి మాత్రం రాకూడదు."

మధ్యాహ్నం ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. కౌంటరు వైపు చూడనైనా చూడకుండా టీవీ ముందు కుర్చీలో కూర్చుంది.

"ఏం కావాలమ్మా? పాలసీయా?"

"ఏం వద్దు బాబూ. ఇంట్లో కరెంటు పోయింది. ఆ అంకె చూసుకుందామని వచ్చాను."

"టీచరమ్మ అయ్యుంటుంది," క్యాషియరు చెవిలో ఊదాడు హెడ్‌క్లర్కు. "సెలవు కోసం వీధిన పడింది. మనకన్నా ఘోరం."

ఎర్ర గడి మారింది. నూట తొంభై మూడు.

ఆయన బల్ల చరిచాడు. ఆవిడ మాత్రం గుండెల మీద చెయ్యేసుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి వదిలింది.

"ఇంకొక్క ఊపు చాలమ్మా, మన పని అయిపోయినట్టే!"

"పెరిగినా తగ్గినా ఒకటే బాబూ. వస్తే చాలు. మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"అరగంటకోసారి మారుస్తున్నారు."

అరగంట గడిచింది. గంట గడిచింది. అంకె కదల్లేదు.

"ఏం చేస్తున్నారో వెధవలు! ఒక అంకె మన మొహాన పడేసి, ఏ మూలో గుర్రు పెడుతున్నట్టున్నారు."

ఆవిడ చటుక్కున తల తిప్పింది.

"అలా అనకు బాబూ."

హెడ్‌క్లర్కు క్యాషియరు వైపు చూసి కళ్లెగరేశాడు. టీచర్లకు పౌరుషం ఎక్కువ.

ఆఫీసు మూసే వేళయింది.

"ఇంకొక్క అంకె బాబూ. అది వచ్చేదాకా ఉంచు. నీకు పుణ్యముంటుంది."

"రూల్సమ్మా. నా చేతుల్లో ఏం లేదు," అంటూ చేతిలో ఉన్న రిమోటుతో టీవీ కట్టేశాడు. మొన్న ఫైనల్ మ్యాచి అయ్యేదాకా ఆఫీసు తెరిచి ఉంచింది కూడా ఆ చెయ్యే.

"అయినా తుఫానెక్కడికి పోతుందమ్మా? రేపు చూసుకోవచ్చు."

ఆవిడ గడప దాటగానే గొడుగు గాలికి తిరగబడింది. దాన్ని సరిచేసుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా నడిచి వెళ్లిపోయింది.

బస్టాపులో క్యాషియరు పక్కనుండగా హెడ్‌క్లర్కు ఫోనుకు మెసేజి వచ్చింది.

"రెండు వందల పన్నెండు! సెలవు!"

వయసు మరిచి ఒక్క గంతు వేశాడు. తర్వాత, ఇంత ఆలస్యం చేసిందెవరో తిట్టుకుందామని, కింద ఉన్న వార్త చదివాడు.

తుఫాను మధ్యలోకి వెళ్లి గాలి వేగం కొలిచి పంపే విమానంతో కొంతసేపు సంబంధాలు తెగిపోయాయట. ఇప్పుడే మళ్లీ అందాయట. లోపలున్న వాళ్లంతా క్షేమమట.

"అంటే... మనుషులు లోపలికెళ్లి కొలుస్తారా?"

"మరి? తుఫానే ఫోన్ చేసి చెబుతుందనుకున్నారా?"

క్యాషియరు నవ్వుతూ ఫోను లాక్కుంది. వార్త కింద ఒక ఫొటో ఉంది. నవ్వు ఆగిపోయింది.

"గురువుగారూ... ఇటు చూడండి."

ఆయన చూశాడు.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఆవిడ వెళ్లిన దారిన పరిగెత్తాడు.

వీధి పొడుగునా కరెంటు పోయింది. ఒక్క దుకాణం తెరిచి లేదు. ఏ కిటికీలోనూ వెలుగు లేదు. ఆవిడ పేరు తెలీదు, ఇల్లు తెలీదు.

అయ్యా, అమ్మా, మీరైనా చెప్పండి: తెర మీదికొచ్చిన ప్రతి అంకెనీ, ఫొటోలో ఆవిడ పక్కన నిలబడి నవ్వుతున్న, ఆ విమానం నడుపుతున్న కూతురు "బతికే ఉన్నానమ్మా" అని పంపిన కబురుగా చూసుకుంటూ కూర్చున్న ఆ తల్లి కోసం, ఈయనిప్పుడు ఏ తలుపు తట్టాలి?