నీలం బిస్కెట్లు

"నీలం బిస్కెట్లా? నువ్వా?" అన్నాను, మా ఆయన తెచ్చిన డబ్బా మూత తీసి.

ఒహాయోలో మా ఊరి బేకరీ ప్రతి అధ్యక్ష ఎన్నికకూ రిపబ్లికన్లకు ఎర్రవీ, డెమోక్రాట్లకు నీలివీ అమ్ముతుంది. ఏవి ఎక్కువ అమ్ముడైతే ఆ పార్టీదే గెలుపని ఊరి నమ్మకం. నాది నీలం. మా ఆయన వర్నన్ పుట్టుకతోనే ఎరుపు. నేనెంత మొత్తుకున్నా రంగు మారని మనిషి.

"నీలం వెనకబడిందని లొరేన్ చెప్పింది, మార్జీ," అన్నాడు గోడకేసి చూస్తూ.

బేకరీ లొరేన్ నవ్వితే బుగ్గల్లో సొట్టలు పడతాయి. నాకు పడవు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకెళ్లాను. "మా ఆయన చేత పార్టీ మార్పించావటగా! నా వల్ల కానిది నీ వల్ల అయిందే!"

లొరేన్ పకపకా నవ్వింది. "నేనా? నీలం వెనకబడిందనగానే ఆయనే కంగారుపడ్డాడు తల్లీ. 'పోయినసారి నీలం ఓడిపోయిన రోజు మా మార్జీ ముద్ద ముట్టలేదు, ఈసారి బిస్కెట్లలోనైనా గెలవనీ' అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు కూడా. ఇంతకీ నీకు ఏ రంగువి కట్టమంటావ్?"

ఇన్నేళ్ల కాపురంలో అంత తియ్యటి మాట నాతో ఒక్కటీ అనలేదు. వచ్చి ఈవిడతో అన్నాడు.

"ఎర్రవి కట్టు," అన్నాను. "ఉన్నవన్నీ."